తెలుగు నుంచి తెలుగులోకి

నేను టీచరుగా ఉన్న బడికి వేసవి సెలవులిచ్చిన రోజుల్లో ఇంకో ఉద్యోగం చేశాను. తెలుగులో అడిగిన ప్రశ్నని తెలుగులోకి మార్చి చెప్పడం, తెలుగులో వచ్చిన జవాబుని మళ్ళీ తెలుగులోకి మార్చి చెప్పడం. నవ్వకండి. దీనికి గుర్తింపు కార్డు కూడా ఇచ్చారు, మెడలో వేసుకునే తాడుతో సహా.

ఆ కార్డు ఇచ్చినావిడ సైకాలజిస్టు. దూరాన ఏదో విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, మా ఊళ్ళోనే హిజ్లీ వైపు ఒక గెస్ట్‌హౌస్‌లో దిగింది. మనసుకి దెబ్బ తగిలినవాళ్ళు దాన్నుంచి ఎలా తేరుకుంటారన్నది ఆమె పరిశోధన. అందుకు బెంగాల్లోని మా రైల్వే ఊరైన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే తన దరఖాస్తులోని వాక్యం చదివి వినిపించింది. తరతరాలుగా పరాయి నేల మీద, ప్రమాదకరమైన పనులు చేస్తూ కూడా చెక్కుచెదరని సమాజం మాదట. పరిశోధన మొదలు కాకముందే చెక్కుచెదరలేదని ఎలా తెలిసిందో నేను అడగలేదు. మెడలో కార్డు కొత్తది మరి.

ఆవిడా తెలుగమ్మాయే. ముప్పై అయిదేళ్ళుంటాయి. కాకపోతే ఆమె నోట్లోంచి వచ్చే తెలుగు నేరుగా అచ్చాఫీసుకి పంపించుకోవచ్చు. మొదటిరోజు నిమ్‌పురాలో మా వీధి చివరింటికి తీసుకెళ్ళాను. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, కొడుకు క్వార్టర్‌లో ఉంటున్న పెద్దాయన ఇల్లది. నాకు వరసకి పెదనాన్న. ఈవిడ కుర్చీ అంచున కూర్చుని, చేతులు జోడించి, "మీ యోగక్షేమాలు ఎలా ఉన్నాయండీ?" అంది.

పెదనాన్న నావైపు తిరిగాడు. "ఏటంటాదే ఈ పిల్ల?"

"బాగున్నావా అంటంది పెదనాన్నా."

"ఆమాటకి ఇంతసేపేటే? బాగున్నాను, బాగున్నాను. టీ తాగుతాదేటో అడుగు."

ఆవిడ కలం పట్టుకుని నావైపు తిరిగింది. "ఏమంటున్నారు?"

అలా నా ఉద్యోగం ఖాయమైంది.

మొదటి తగాదా సంతకం దగ్గర వచ్చింది. ప్రశ్నలు అడిగేముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చని, పేరు ఎక్కడా బయటపెట్టమని దానిలో రాసి ఉంటుంది. మంచి కాగితమే. కానీ రైల్వే క్వార్టర్‌లో పుట్టి పెరిగినవాడికి, ఎవరైనా ఇంటికొచ్చి, నవ్వుతూ, సంతకం పెట్టమన్నారంటే దానికి ఉన్న అర్థం ఒక్కటే. "క్వార్టర్ కాళీ సెయ్యమంటారేటి?" అని పెదనాన్నే కాదు, ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ అడిగారు. ఒకాయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అసలు సంగతి అక్కడ రాసుంటుందని.

తర్వాత గాయం వచ్చింది. "మీ జీవితంలో అత్యంత తీవ్రమైన గాయం గురించి చెప్పండి" అన్నది ఆమె పత్రంలో నాలుగో ప్రశ్న. నేను దాన్ని "నీకు తగిలిన పెద్ద దెబ్బేటి పెదనాన్నా?" అని మార్చాను. పెదనాన్న ఉత్సాహంగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వర్క్‌షాపులో ప్రెస్సు మిషను కింద రెండు వేళ్ళు సగానికి పోయిన కథ మొదలైంది. ఆ ప్రెస్సు ఎవరు నడిపారు, ఫోర్‌మన్ ఏమన్నాడు, బెంగాలీ దాదా ఒకడు తెగిన వేళ్ళని రుమాల్లో కట్టి ఎలా పరిగెత్తాడు, అన్నీ చెప్పాడు. ఎన్నోసార్లు చెప్పి నునుపు చేసుకున్న కథ. ఎక్కడ నవ్వాలో అక్కడ మేమూ నవ్వాం. ఈవిడ మూడు పేజీలు రాసుకుంది.

గుమ్మం దాటుతూ మర్యాద కోసం అడిగింది, మీ శ్రీమతిగారు కనబడలేదేమని.

"పోనాది. నాలుగేళ్ళయినాది" అన్నాడు పెదనాన్న. "అప్పట్నుంచి నాను అది పడుకున్న గదిలోకెల్లనేదు. అయినా అది దెబ్బ కాదు కదమ్మా. మీకెందుకది."

నేను అనువదించాను. ఆవిడ తల ఊపింది, అప్పటికే కలం సంచీలో పెట్టేసుకుంది. నాలుగో ప్రశ్నకి జవాబు నిండిపోయింది కదా.

కోలుకోవడం గురించిన ప్రశ్నలు ఇంకో పేజీలో ఉండేవి. "కష్టకాలం తర్వాత నేను త్వరగా యథాస్థితికి చేరుకుంటాను" అని ఒక వాక్యం. ఎప్పుడూ కాదు, అరుదుగా, కొన్నిసార్లు, తరచుగా, ఎల్లప్పుడూ అనే అయిదింట్లో ఒకటి చెప్పాలి. "కష్టమొచ్చి ఎల్లిపోయాక, ముందెలా ఉన్నావో అలాగైపోతావా?" అని నేను పెదనాన్నని అడిగాను. "ముందు కూడా కష్టమే కదమ్మా" అన్నాడు. ఆవిడ "ఎల్లప్పుడూ" దగ్గర టిక్కు పెట్టింది. ముందూ వెనకా ఒకలాగే ఉన్నాడంటే యథాస్థితికి చేరినట్టేనట. చదువుకున్నవాళ్ళకి అలాంటి సదుపాయాలుంటాయి.

ఊళ్ళోనే ఖరిదా పేటలో ఒక ఆంటీ ఉండేది, ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే. "కష్టంలో మీరు మనసు విప్పి మాట్లాడగలిగే ఆత్మీయులు ఎంతమంది ఉన్నారు?" అంటే, ఆంటీ తడుముకోకుండా "ముగ్గురు" అంది. ఈవిడకి చాలా సంతోషమైంది. ఆ వయసులో, ఒంటరిగా ఉంటున్న మనిషికి ముగ్గురు ఆత్మీయులంటే మాటలు కాదంది. ఆ ముగ్గురూ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని నాకు మర్నాడు తెలిసింది. ఈవిడకి చెప్పలేదు. లెక్క ప్రకారం ముగ్గురే కదా.

ఇంతవరకూ ఆవిడని ఎగతాళి చేశాను. ఇక నా సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు ఘనకార్యం నాది.

పత్రం చివర ఒక పెద్ద ప్రశ్న ఉంది: "మీరు మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారని భావిస్తున్నారా?" మానసికం అన్న మాట వినగానే జనం లేచి నిలబడేవాళ్ళు. మా ఊళ్ళో ఆ మాటకి మెంటల్ అని తప్ప ఇంకో అర్థం లేదు. "నన్ను మెంటలంటావేటే? మీ నాన్నతో కలిసి డ్యూటీ సేసినోడిని!" అని ఒకాయన నామీదే కేకలేశాడు. రెండిళ్ళలో టీ ఇవ్వకుండానే పంపేశారు. పరిశోధన అక్కడితో ఆగిపోయేలా ఉంది. అప్పుడు నాకొక తెలివైన మాట తట్టింది.

"మనసు ఫిట్టేనా మావయ్యా?" అని అడిగాను.

"ఫిట్టే!"

ఎంత బాగా పేలిందో. ఇంటింటా అదే జవాబు, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా. ఫిట్టే. ఫుల్ ఫిట్. ఏక్‌దమ్ ఫిట్. ఈవిడ ఆ రోజు నన్ను మెచ్చుకుని, స్థానిక భాషాజ్ఞానం అంటే ఇదీ అంది. ఇంటికొచ్చి కార్డు మేకుకి తగిలిస్తూ నన్ను నేను కూడా మెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆ మాట సంగతి చెబుతాను. రైల్వే ఊళ్ళో ఫిట్ అంటే ఆరోగ్యం కాదు. ఒంట్లో బాగాలేకపోతే సిక్‌లో పడతారు, డాక్టరు ఫిట్ రాసిస్తే మళ్ళీ డ్యూటీ ఎక్కుతారు. ఇంజను నడిపేవాళ్ళకి ఏళ్ళ లెక్కన పరీక్షలుంటాయి. కళ్ళు, చెవులు, రక్తం, అన్నీ చూస్తారు. డాక్టరు ఆ మాట ముందు "అన్" అని చేర్చాడంటే, ఇంజను మీంచి దించేసి ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చోబెడతారు. "డీకేటగిరీ అయిపోనాడు" అని మా వీధిలో చెప్పుకునేటప్పుడు గొంతు తగ్గిస్తారు, చావు కబురు చెప్పేటట్టు. అందుకని ఫిట్టేనా అని ఎవరు అడిగినా, ఎందుకడిగినా, రైల్వేవాడికి ఒక్కటే జవాబు. పుట్టినప్పట్నుంచి ఈ ఊళ్ళో ఉన్నదాన్ని, డ్రైవరు కూతుర్ని, డ్రైవరు పెళ్ళాన్ని, ఇది నాకు తెలియదా? తెలుసు. తెలిసే ఆ మాట వాడాను, జవాబులు వస్తున్నాయి కదా అని.

మా ఆయన గూడ్సు బండి నడుపుతాడు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట, మా ఇంట్లో ఇంకా డ్రైవరే. ఈ పరిశోధనకి రెండేళ్ళ ముందు ఒక మధ్యాహ్నం ఆయన బండి కింద ఒక మనిషి పడ్డాడు. పట్టాల మధ్యలో నిలబడ్డాడట. బ్రేకు వేశాడు, కానీ నిండా బరువుతో ఉన్న గూడ్సు అడిగిన చోట ఆగదు. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని, "ఇవేల ఒకటైనాది" అన్నాడు. అలాగే చెబుతారు ఈ డ్రైవర్లంతా. ఎవరినీ తప్పు పట్టలేదు, కాగితాలన్నీ సవ్యంగా నడిచాయి. ఆ తర్వాత ఆయన డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు, సంతకి వెళ్ళి చేపలు తెచ్చాడు, పండక్కి చుట్టాలతో పేకాడాడు. కాకపోతే మా ఇంట్లో కుక్కరు కూత వినబడకూడదు. మొదటిసారి విన్నప్పుడు ఆయన చేతిలో గ్లాసు పడిపోయింది. రెండోసారికి నేనే కుక్కరు అటక మీద పెట్టేసి గిన్నెలో అన్నం వార్చడం మొదలుపెట్టాను. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే నిద్రలో చెయ్యి మాటిమాటికీ ముందుకి తోస్తాడు. బ్రేకు వేస్తున్నాడని నాకు తెలుసు. ఎప్పుడైనా అడిగితే "ఏటీ నేదు" అంటాడు.

డ్రైవర్లు ముగ్గురు ఇంటర్వ్యూకి రామన్నాక, మా ఆయన్ని అడుగుతానని నేనే అన్నాను. నిజం చెప్పాలంటే నాకొక ఆశ పుట్టింది. నాతో చెప్పనిది, పైమనిషితో చెబుతాడేమో, చెబితే ఆ బరువు కొంత దిగుతుందేమో అని. అదే సమయంలో, ఎక్కడ చెప్పేస్తాడో, అది ఎవరి చెవిన పడి ఇంజను దించేస్తారో అని భయం కూడా వేసింది. రెండూ కలిపి మూటగట్టుకుని ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. భార్య భర్తకి దుబాసీగా ఉండకూడదని ఆవిడ చదువులో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ రోజు ఇద్దరికీ గుర్తుకు రాలేదు.

"నిద్ర సరిగా పడుతుందా?" అని ఆవిడ అడిగింది. నేను మార్చి చెప్పాను. ఆయన ఆవిడవైపు చూడలేదు, నావైపు చూశాడు.

"పడతాది" అన్నాడు.

"చాలా బాగా పడుతుందట" అన్నాను నేను. ఆ "చాలా బాగా" ఎక్కడిదని నన్నడగకండి. నాదే.

"బాధాకరమైన దృశ్యాలేవైనా పదేపదే గుర్తుకు వస్తాయా?"

ఆయన మళ్ళీ నావైపే చూశాడు. ఏం చెప్పమంటావు అన్నట్టుగా. నేను తల దించుకుని పత్రంలో గళ్ళు చూస్తున్నాను. "ఏటీ నేదు" అన్నాడు. ఏమీ రావట అన్నాను. మనసు ఫిట్టేనా అంటే ఫిట్టే అన్నాడు. ఆవిడ గబగబా టిక్కులు పెట్టుకుంది.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. తన పరిశోధనలో అందరికన్నా ఎక్కువ స్థితిస్థాపకత మా ఆయనకే ఉందని ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. స్థితిస్థాపకత అంటే ఏంటో ఆ మాట మా ఆయనకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. రబ్బరు లాగి వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది చూడు, అలాగ నువ్వు, అన్నాను. "లాగినోడు ఒదల్లేదు కదే" అన్నాడు. నేను నవ్వేశాను. అప్పుడైనా నాకు బుర్ర పనిచేసి ఉండాల్సింది.

తిరిగి వెళ్ళేముందు ఆవిడ మా తెలుగు సంఘం హాల్లో ఒక సభ పెట్టింది. సహకరించినవాళ్ళందర్నీ పిలిచింది. మైకు, పూలగుత్తులు, తెర మీద రంగురంగుల బొమ్మలు. మొదటి వరసలో ఒక బెంగాలీ అధికారి కూర్చున్నాడు, డ్రైవర్లకి సంబంధించిన విభాగం ఆయనది. ఆవిడ అరగంట మాట్లాడింది. ఈ సమాజం కష్టాన్ని జీర్ణించుకున్న తీరు ప్రపంచానికి పాఠమంది. మా ఆయన్ని పిలిచేదాకా పెదనాన్న నిద్రపోయాడు. ఖరిదా ఆంటీ తనకి తెలియని ఇంకో తెలుగు వింటున్నట్టు శ్రద్ధగా వింది. చివర్లో ఆవిడ మా ఆయన్ని వేదిక మీదకి పిలిచి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, "మీ మనోధైర్యం వెనక రహస్యం రెండు మాటల్లో చెప్పండి" అంది.

ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మామూలుగా, పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"ఆ మనిషి నావైపు తిరిగి సూసినాడు. సెయ్యెత్తినాడు. ఆపమనో, పర్లేదనో నాకు తెలీదు. రెండేళ్ళయినాది. బండెక్కిన రోజల్లా సూస్తన్నాడు. నానింక ఎక్కలేను. ఏదో ఒకరోజు సిగ్నలొగ్గేసి ఆడినే సూస్తాను. ఆ సిగ్నలవతల ఇంకెవడి బండుంటాదో."

హాల్లో అందరూ విన్నారు. అందరికీ అర్థమైంది. అర్థం కానివాళ్ళు ఇద్దరే. ఒకరు తెలుగురాని అధికారి, రెండోవారు తెలుగొచ్చిన సైకాలజిస్టు. మా ఆయన అన్నది మా యాసలో, ఆవిడకి ఒక్క ముక్క అందలేదు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"టీచర్ గారూ, ఏమంటున్నారు?"

ఆ అధికారి మొహం కనిపించింది. క్వార్టరు కనిపించింది, వీధిలో గొంతులు తగ్గడం వినిపించింది. నేను లేచి నిలబడి, ముందు హిందీలో, తర్వాత ఆవిడ తెలుగులో చెప్పాను: "కష్టాలు వస్తుంటాయి, పోతుంటాయి, డ్యూటీయే దేవుడు అంటున్నారు."

అప్పుడు వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. తిరిగి చూస్తే పెదనాన్న. రెండు వేళ్ళు సగం పోయిన చేత్తో గట్టిగా కొడుతున్నాడు. పక్కన ఆంటీ అందుకుంది. డ్రైవర్లు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, అంతా కొట్టారు. విన్న ప్రతివాడూ కొట్టాడు, మా ఆయన ఉద్యోగం ఆ శబ్దం కింద దాచేయాలని. అధికారి కూడా కొట్టాడు. ఈవిడ కళ్ళు తుడుచుకుని, ఇదే, నేను చెప్పింది ఇదే, అంది. ఒక ఊరి జనమంతా కలిసి ఒక పరిశోధనని నిజం చేయడం నేను కళ్ళారా చూశాను.

ఇంటికి నడుచుకుంటూ వస్తున్నాం. ఆయన శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, కొంచెం గర్వంగా కూడా ఉంది, కాపాడాను కదా అని. ముందు కోపం బయటికొచ్చింది.

"అందరి ముందు అలాగ సెప్తారేటి మావా? ఆ సార్‌కి తెలిస్తే నీ ఫిట్ పోద్ది కదా!"

"తెలీడానికే సెప్పినాను" అన్నాడు.

నేను ఆగిపోయాను.

"దింపమని ఇంకెలాగ అడగాలే? ఇంట్లో నీకు సెప్పలేకపోనాను. ఆ పిల్ల అడిగినప్పుడు నువ్వు తలెత్తనేదు. అందరూ ఉన్నప్పుడు సెప్తే ఎవుడో ఒకడు దింపుతాడనుకున్నాను."

"అయితే హిందీలో సెప్పొచ్చు కదా. ఆ సార్‌కి నేరుగా తెలిసీది."

"నువ్వున్నావు కదా అనుకున్నాను" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. సిగ్గంటే ఏమిటో నాకు నలభై అయిదేళ్ళు వచ్చాక, సొంత వీధిలో నడుస్తూ తెలిసింది.

సోమవారం పొద్దున్న డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది. ఆయన సిక్‌లో పడుతున్నానని చెప్పి పెట్టేశాడు. ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. చాలాసేపు వరసలో నిలబడ్డాం. ఆయన పేరు పిలిచాక నేనూ చీర కొంగు సర్దుకుని, ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో, ఏ మాట వాడితే డాక్టరుకి బాగా అర్థమవుతుందో అన్నీ మనసులో కుదుర్చుకుని లేచాను. ఆయన తలుపు దగ్గర ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ బల్ల మీద కూర్చోబెట్టాడు.

"నువ్విక్కడే కూకో" అన్నాడు. "నాను సెప్పుకుంటాను."